పెనైల్ ఇంప్లాంట్ పెట్టించుకున్నాక ఎట్టా ఉండాలి, ఎవరికి చెప్పాలి

మనవైపు షుగర్ లేని ఇల్లు తక్కువ, ఆ షుగర్ ఏళ్ళ తరబడి ముదిరినాక చాలామంది మగోళ్ళకి అంగం గట్టిపడటం తగ్గిపోద్ది, మొదట్లో మాత్రలు పనిచేస్తాయి, కొన్నాళ్ళకి డోసు పెంచినా పనిచెయ్యవు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయినోళ్ళకి, వెన్నుపూస దెబ్బతిన్నోళ్ళకి కూడా ఇదే బాధ. మాత్రలు, అంగంలోకి ఇచ్చే ఇంజెక్షన్లు, వాక్యూమ్ పంపు ఇవన్నీ అయిపోయినాక యూరాలజిస్టులు చెప్పే దారి ఇంప్లాంట్, అంటే అంగం గట్టిపడేట్టు ఆపరేషన్ చేసి లోపల పెట్టే పరికరం. నేనూ పెట్టించుకున్నోడినే, పంపు ఉండే రకం. ఆపరేషన్ ఎట్టా చేస్తారనేది డాక్టర్లు చెప్తారు, దాంతో రోజూ ఎట్టా బతకాలనేది మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు, అందుకని రాస్తా ఉండా. ఒక మాట ముందే చెప్తా. బయటోళ్ళకి ఇది తెలియాల్సిన పనిలేదు, కానీ మీ భార్యకి, మిమ్మల్ని చూసే ప్రతి డాక్టరుకి, మీకు స్పృహ లేకపోతే ఆస్పత్రికి తీసకపోయే ఇంకో మనిషికి తెలిసి తీరాలి. మన ఊళ్ళలో ఈ సంగతి దాచడం సహజం, తప్పు కూడా కాదు, కానీ ఈ ముగ్గురి దగ్గర దాస్తే దెబ్బ మన శరీరానికే.

లోపల ఏముందో తెలిస్తే సగం భయం పోద్ది. అంగంలో మామూలుగా రక్తం నిండే రెండు గొట్టాల్లాంటి గదులు ఉంటాయి, వాటిలో రెండు సిలిండర్లు పెడతారు. బీజాల సంచిలో చిన్న పంపు, పొత్తికడుపు లోపల ఒక చిన్న ట్యాంకు, వీటన్నిటినీ కలిపే సన్నని ట్యూబులు. ట్యాంకులో ఉండేది గాలి కాదు, సెలైన్ నీళ్ళు. పంపు నొక్కితే నీళ్ళు ట్యాంకులోంచి సిలిండర్లలోకి వచ్చి గట్టిపడద్ది, పని అయిపోయినాక బటన్ నొక్కితే మళ్ళీ ట్యాంకులోకి పోతాయి. 1973లో అమెరికాలో బ్రాంట్లీ స్కాట్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది, అంటే నిన్నా మొన్నా వచ్చిన ప్రయోగం కాదు. రెండో రకం వంచే కడ్డీల రకం, పంపు ట్యాంకు ఏమీ ఉండవు, కావాలంటే పైకి లేపుకోవాలి, వద్దంటే కిందకి వంచుకోవాలి. పంపు రకానికి లక్షల్లో అవుద్ది, కడ్డీల రకం చాలా తక్కువ, మన దేశంలోనే తయారయ్యే షా ఇంప్లాంట్ కూడా ఉంది. చేతివేళ్ళు సరిగా వంగనోళ్ళకి, పక్షవాతం వచ్చినోళ్ళకి పంపు నొక్కడం కష్టం కాబట్టి కడ్డీల రకమే నయం.

ఇది దేన్ని మారుస్తుంది, దేన్ని మార్చదు అనేది ముందే మనసులో పెట్టుకోండి. గట్టిదనం మాత్రమే వస్తుంది. స్పర్శ, కోరిక, సుఖం, వీర్యం ఇవన్నీ ఆపరేషన్‌కి ముందు ఎట్టా ఉన్నాయో దాదాపు అట్టనే ఉంటాయి, షుగర్ వల్ల స్పర్శ తగ్గినోళ్ళకి అది తిరిగి రాదు. అంగం పొడవు పెరగదు, కొంచెం తగ్గినట్టు కూడా అనిపిస్తది. చివర ఉండే మొన భాగం సిలిండర్ పెట్టినా మెత్తగానే ఉంటది, అది లోపం కాదు. ఇంకో పెద్ద సంగతి, ఒకసారి పెట్టినాక వెనక్కి పోయే దారి లేదు, రేపు తీసేసినా మాత్రలు ఇంజెక్షన్లు ఇక పనిచెయ్యవు. అందుకే బస్టాండు గోడల మీద పోస్టర్లు అంటించి లాడ్జీలో రూము తీసుకునే వాళ్ళ దగ్గరకి, లేహ్యాలు నూనెలు అమ్మేవాళ్ళ దగ్గరకి పోయి డబ్బులు పారేసుకోకుండా మామూలు మందులన్నీ పద్ధతిగా వాడి చూసినాకే దీని గురించి ఆలోచించండి. అన్నట్టు, గట్టిపడకపోవడం గుండె రక్తనాళాల జబ్బుకి ముందు గుర్తు కూడా అయ్యుండొచ్చు, గుండె పరీక్షలు చేయించుకోకపోతే ముందు అవి.

ఆపరేషన్‌కి ముందు మన చేతిలో ఉండే పని షుగర్ తగ్గించుకోవడం. మూడు నెలల యావరేజ్ చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్టు చేయించి, డాక్టరు చెప్పిన అంకెకి వచ్చేదాకా తొందరపడొద్దు, ఎందుకంటే దీంట్లో భయపడాల్సింది ఇన్ఫెక్షన్ గురించే. అది వస్తే చాలాసార్లు మందులతో పోదు, మొత్తం తీసేయాల్సి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్ళకి అంగం దగ్గర ఫంగస్ పట్టడం ఎక్కువ, దురద, ఎర్రదనం, చర్మం పగలడం ఉంటే ముందు ఆ ఫంగస్ తగ్గాలి. ఆ మాత్రలు ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు, అయితే మీ అంతట మీరు ఆపొద్దు, షుగర్ డాక్టర్ని అడిగి ఆపండి. సిగరెట్టు, బీడీ, గుట్కా మానేయండి. డాక్టర్ని ఎంచుకునేటప్పుడు ఇట్టాంటివి మీరు రెగ్యులర్‌గా చేస్తారా అని మొహమాటం లేకుండా అడగండి. నెల్లూరు పొగతోట ఆస్పత్రుల్లో చూపించుకున్నా, చెన్నైకి పోయినా, ఒంగోలు వాళ్ళు గుంటూరో విజయవాడో పోయినా అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఆపరేషన్ అయినాక మొదటి రెండు వారాలు నొప్పి, వాపు, బీజాల సంచి నల్లగా కమిలిపోవడం ఉంటాయి, చూసి కంగారు పడొద్దు, రోజురోజుకీ తగ్గుతా ఉంటే సరే. పంపు రకం వాళ్ళకి అంగాన్ని పొట్ట వైపు పైకి పెట్టి బిగుతు డ్రాయరు వేసుకోమంటారు, కిందకి వంపు రాకుండా. మనోళ్ళు ఇంట్లో లుంగీ కట్టుకుని గాలాడేట్టు ఉంటే బాగుంటదని డ్రాయరు తీసేస్తారు, ఆ కొన్ని వారాలు మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్ళు వేసుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తొద్దు. వడ్ల బస్తా, మేత బస్తా, నీళ్ళ బిందె, ఏదీ వద్దు. కడుపు మీద వత్తిడి పడితే ట్యాంకులో నీళ్ళు వాటంతటవే సిలిండర్లలోకి తోసుకొస్తాయి. మలబద్ధకం రాకుండా చూసుకోండి, ముక్కడం కూడా అదే వత్తిడి. రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవాళ్ళు గాయం పూర్తిగా మానేదాకా నీళ్ళలో దిగొద్దు, రొట్టెల పండగ ఆ రోజుల్లో వస్తే స్వర్ణాల చెరువులోకి దిగకుండా గట్టు మీదే ఉండండి, మైపాడు సముద్ర స్నానం కూడా ఆ తర్వాతే. బైకు ఎప్పుడెక్కాలో డాక్టరు చూసి చెప్తాడు.

ఇక పంపు సంగతి, జనం ఎక్కువ తికమక పడేది ఇక్కడే. మొదటి వారాల్లోనే, డాక్టరు చెప్పినాక, స్నానం చేసేటప్పుడు పంపుని వేళ్ళతో పట్టుకుని మెల్లగా కిందకి లాగుతా ఉండాలి, లేకపోతే అది పైకి పోయి అక్కడే అతుక్కుపోద్ది, తర్వాత వేలికి అందదు. నాలుగు నుంచి ఆరు వారాల మధ్యలో క్లినిక్‌లోనే మొదటిసారి నొక్కించి నేర్పిస్తారు, ఈలోపు ఇంట్లో సొంత ప్రయోగాలు చెయ్యొద్దు. నేర్పించే రోజు సిగ్గు పక్కన పెట్టి మీ చేత్తోనే మీరు చేసి చూపించి రండి, వీలైతే భార్యని కూడా లోపలికి రమ్మనండి. ఒక చేత్తో పంపుని కదలకుండా పట్టుకుని ఇంకో చేత్తో బల్బు నొక్కాలి, బీపీ మిషన్ బల్బు నొక్కినట్టు పూర్తిగా నొక్కి పూర్తిగా వదలాలి, వదిలినాక అది మళ్ళీ నిండేదాకా ఆగాలి, హడావిడిగా టకటకా నొక్కితే నీళ్ళు ఎక్కవు. మొదటి నొక్కు గట్టిగా ఉంటది, లోపల వాల్వు తెరుచుకోవాలి కాబట్టి కొంచెం బలంగా నొక్కాలి, తర్వాతవి తేలిక. ఎన్ని నొక్కులు అనేది మనిషిని బట్టి, మోడల్‌ని బట్టి మారుద్ది, లెక్కపెట్టుకోకుండా గట్టిదనం చూసుకోండి, నొప్పి పుట్టేంత నింపొద్దు. దించేటప్పుడు బల్బు మీద కాదు, దాని పైన ఉండే బటన్ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, అంగాన్ని రెండో చేత్తో మెల్లగా పిండాలి, అప్పుడు నీళ్ళు పూర్తిగా వెనక్కి పోతాయి. మొదట్లో చాలామందికి బటన్ యాడుందో దొరకదు, కంగారులో ఇంకా నొక్కి ఇంకా నింపేస్తారు. అట్టా అయితే కాసేపు ఆగి, వేడినీళ్ళ స్నానం చేస్తే బీజాల సంచి వదులవుద్ది, అప్పుడు వెతకండి, దొరుకుద్ది.

నేర్చుకున్నాక డాక్టరు చెప్పినన్ని రోజులు రోజుకి ఒకటి రెండు సార్లు నింపి, పది పదిహేను నిమిషాలు ఉంచి దించాలి. ఇది సుఖం కోసం కాదు, సిలిండర్ల చుట్టూ ఏర్పడే పొర గట్టిపడి బిగుసుకుపోకుండా చేసే వ్యాయామం, దీన్ని బద్ధకించొద్దు. కలయిక మామూలుగా ఆరు వారాల తర్వాత, డాక్టరు సరే అన్నాకే. కడ్డీల రకం వాళ్ళకి ఈ నొక్కుడు గొడవ లేదు, కానీ కడ్డీ ఎప్పుడూ గట్టిగానే ఉంటది కాబట్టి కూర్చునేటప్పుడు, పడుకునేటప్పుడు ఒక చోటే వత్తుకోకుండా చూసుకోవాలి, ముఖ్యంగా షుగర్‌తో స్పర్శ తగ్గినోళ్ళకి మొన దగ్గర చర్మం పలచబడినా తెలీదు. రోజూ స్నానంలో ఒకసారి కళ్ళతో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

భార్యకి చెప్పకుండా ఆపరేషన్ చేయించుకున్న వాళ్ళు ఉన్నారు, హెర్నియా అని చెప్పి. దయచేసి అట్టా చెయ్యొద్దు. ఏళ్ళ తరబడి ఇద్దరి మధ్య ఏమీ లేకుండా గడిచినాక, ఆమె తన మీద ఇష్టం పోయిందనుకోనూ ఉండొచ్చు, ఇక ఇది అయిపోయిందని మనసు సర్దుకోనూ ఉండొచ్చు, ఒకరోజు హఠాత్తుగా మీరు సిద్ధమంటే ఆమె సిద్ధంగా ఉండాలని లేదు. ముందే కూర్చోబెట్టి చెప్పండి, ఆపరేషన్‌కి ముందు డాక్టరు దగ్గరకి తీసకపోండి, నీకు కూడా ఇష్టమేనా అని అడగండి, ఆమె వద్దంటే ఆ మాట వినండి. నెలసరి ఆగిపోయిన వయసులో ఆడోళ్ళకి పొడిబారి మంట, నొప్పి ఉంటాయి, దానికి నీళ్ళ ఆధారంగా తయారయ్యే జెల్లీ మందుల షాపులో దొరుకుద్ది, ఇంకా బాధ ఉంటే గైనకాలజిస్ట్ రాసే క్రీములు ఉన్నాయి. మీకు గట్టిదనం ఎంతసేపైనా నిలుస్తది కదా అని ఆమె అలసిపోయినా ఆగకపోవడం మంచిది కాదు. పంపు నొక్కే ఆ రెండు నిమిషాలు కొందరు బాత్రూంలోకి పోయి నొక్కుకుని వస్తారు, నా అభిప్రాయం అడిగితే ఆమె ముందే చెయ్యండి, ఆమెకి అభ్యంతరం లేకపోతే ఆమెకే నేర్పించండి, మీ చేతులు వణికే వయసు వచ్చినప్పుడు అదే అక్కరకొస్తది.

డాక్టర్ల దగ్గర దాచొద్దని అన్నాను కదా, ఎందుకో చెప్తా. ఏదో యాక్సిడెంటో, గుండె ఆపరేషనో జరిగి యూరిన్ పైపు పెట్టాల్సి వస్తే, సిలిండర్లు నిండి ఉంటే ముందు దించి పెట్టాలి, ఆ సంగతి తెలియని సిస్టరు బలవంతంగా పైపు తోస్తే లోపల దెబ్బ తగలొచ్చు. హెర్నియాకో పొత్తికడుపులో ఇంకేదైనా జబ్బుకో కత్తిపెట్టే సర్జనుకి అక్కడ ట్యాంకు, ట్యూబులు ఉన్నాయని తెలియాలి. ఎంఆర్ఐ తీసేముందు ఇంప్లాంట్ పేరు, మోడల్ చెప్పాలి, చాలా వాటికి ఇబ్బంది ఉండదు కానీ చూసి తీస్తారు. అంగంలోకి ఇంజెక్షన్ అనేది ఇక జన్మలో వద్దు, సూది సిలిండర్‌కి తగిలితే పంక్చరే. వాక్యూమ్ పంపు కూడా డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. మొన మెత్తగా ఉందని సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్ర వేసుకుందామనుకుంటే అదీ అడిగే, ముఖ్యంగా గుండెకి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు అస్సలు వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోద్ది. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చే ఇంప్లాంట్ కార్డు ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి, ఒరిజినల్ ఆధార్ కార్డుతో పాటు పెట్టండి, అది యాడుందో కొడుక్కో తమ్ముడికో చెప్పి ఉంచండి. కువైట్ వైపు పోయేవాళ్ళు డాక్టరు లెటరు కూడా పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులో అడిగితే గమ్మున చూపించొచ్చు.

వెంటనే పోవాల్సిన సందర్భాలు ఇవి. జ్వరం రావడం, తగ్గిన నొప్పి మళ్ళీ పెరగడం, కుట్ల దగ్గర చీము, ఎర్రదనం, పంపు మీది చర్మం లోపలి పంపుకి అతుక్కుపోయినట్టు కదలకపోవడం, ఎక్కడన్నా చర్మం పలచబడి లోపలిది కనపడటం, మూత్రంలో రక్తం. ఇన్ఫెక్షన్ నెలల తర్వాత కూడా బయటపడొచ్చు. ఆర్ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ వేయించుకుని రెండు రోజులు చూద్దాం అనుకోవద్దు, ఆ రాత్రికే ఫోన్ చేసి తెల్లారేసరికి ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర ఉండండి.

ఏళ్ళు గడిచినాక పంపు నొక్కితే బల్బు మళ్ళీ నిండకపోయినా, ఎంత నొక్కినా గట్టిపడకపోయినా ఎక్కడో లీకై ఉండొచ్చు. లీకైంది సెలైనే కాబట్టి శరీరం పీల్చేసుకుంటది, విషమేమీ కాదు, అర్ధరాత్రి పరిగెత్తాల్సిన పనిలేదు. ఇది మిషను, చాలామందికి పదేళ్ళు, అంతకన్నా ఎక్కువ పనిచేస్తది, కొందరికి ముందే పోతది, మళ్ళీ కొత్తది మార్చొచ్చు. మార్చే ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ భయం మొదటిసారి కన్నా ఎక్కువ కాబట్టి షుగర్ సంగతి మళ్ళీ మొదటినుంచి చూసుకోవాలి. వయసు మీద పడింది ఇక వద్దులే అని మీరిద్దరూ అనుకుంటే చెడిపోయిందాన్ని అట్టనే లోపల వదిలేయొచ్చా అని డాక్టర్ని అడగండి, ఇన్ఫెక్షన్, నొప్పి లేకపోతే చాలామందికి వదిలేయొచ్చనే చెప్తారు.