వంపు మెట్లకు రాయి, కలప, రెయిలింగ్ ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవారిలో చాలామంది హాల్లోంచి పైకి వంపు తిరుగుతూ వెళ్లే మెట్లు కావాలని కోరుకుంటారు. అయితే సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే పలకల అచ్చు) వేసి కాంక్రీటు పోసి, గోడలకు ప్లాస్టరింగ్ కూడా ముగిశాకే మెట్ల రాయి చూడటానికి బయలుదేరుతారు. తిన్నగా ఉండే మెట్లకు ఈ క్రమం వల్ల పెద్ద నష్టం లేదు. వంపు మెట్ల విషయంలో మాత్రం పరిచే రాయి మందం, పలక వెడల్పు, రెయిలింగ్ బిగించే చోటు కాంక్రీటు కొలతలనే మార్చివేస్తాయి కనుక, పైన ఏది వేయాలన్న నిర్ణయం సెంట్రింగ్ కంటే ముందే జరగాలి.

మొదట కొలతలు తేల్చుకోండి

1591 నాటి చార్మినార్ మెలిక మెట్లు ఎక్కినవారికి ఈ సంగతి అనుభవమే: లోపలి వైపు మెట్టు సన్నగా ఉండటంతో పాదం దానంతటదే బయటి గోడ వైపు జరుగుతుంది. ఇంట్లో ఆ ఇబ్బంది ఎంత ఉంటుందనేది లోపలి వంపు వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది. ఉదాహరణకు లోపలి వ్యాసార్ధం 4 అడుగులు, మెట్టు పొడవు 4 అడుగులు ఉండి, ఒక్కో మెట్టు 9 డిగ్రీలు తిరిగితే, మెట్టు వెడల్పు లోపలి అంచున ఏడున్నర అంగుళాలు, బయటి అంచున 15 అంగుళాలు వస్తుంది. మనిషి నడిచే గీతను లోపలి అంచు నుంచి ఒకటిన్నర అడుగు దూరంలో తీసుకుంటే అక్కడ సుమారు 10.4 అంగుళాలు ఉంటుంది. జాతీయ భవన నిర్మాణ స్మృతి ఇళ్లకు చెప్పే కనీస వెడల్పు 250 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 10 అంగుళాలు, కాబట్టి ఇది సరిపోతుంది. అదే లోపలి వ్యాసార్ధాన్ని 2 అడుగులకు తగ్గిస్తే లోపలి అంచున 4 అంగుళాలు కూడా మిగలదు. అలాంటి చోట ఎంత ఖరీదైన రాయి వేసినా ఆ మెట్లు పెద్దవాళ్లకు పనికిరావు.

ఎత్తు లెక్క ఇంకా ముఖ్యం. అంతస్తు ఎత్తు పదిన్నర అడుగులైతే 7 అంగుళాల చొప్పున 18 ఎత్తులు (ఒక మెట్టు నుంచి పై మెట్టుకు లేచేవి) వస్తాయి. ఇప్పుడు హాల్లో మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద), రాయి కలిపి రెండున్నర అంగుళాలు, మెట్ల మీద ఒకటిన్నర అంగుళం పెరుగుతాయని అనుకుందాం. కాంక్రీటులో అన్ని ఎత్తులూ 7 అంగుళాలే పోసి ఉంటే, పని పూర్తయ్యాక మొదటి మెట్టు 6 అంగుళాలకు తగ్గుతుంది, పై అంతస్తులోనూ అదే మందం పరిస్తే చివరి ఎత్తు 8 అంగుళాలకు పెరుగుతుంది. ఈ తేడా కంటికి ఆనదు గాని కాలికి తగులుతుంది, రాత్రిపూట తూలిపడేది అక్కడే. వాస్తు ప్రకారం మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని, ప్రదక్షిణంగా తిరగాలని కోరుకునే కుటుంబాలు ఆ మాటను కూడా ఈ దశలోనే ఇంజనీరుకు చెప్పాలి, ఎందుకంటే ఒక్క మెట్టు కలిపినా తీసినా మొత్తం లెక్క మారిపోతుంది.

మెట్ల మీద ఏ రాయి వేయాలి?

మనకు దగ్గరలో దొరికేవాటిలో గ్రానైట్‌నే నేను ముందు పెడతాను. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే, మెరుపు చుక్కలున్న నల్ల గ్రానైట్ బ్లాక్ గెలాక్సీ సంగతి అందరూ ఎరిగినదే. నగరంలో చాలా ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం, ఆ నీటిలోని ఉప్పు తెల్లని పొరగా పేరుకుంటుంది, దాన్ని వదిలించడానికి పనివాళ్లు యాసిడ్ వాడుతుంటారు. గ్రానైట్ దాన్ని తట్టుకుంటుంది. మార్బుల్ గాని, సున్నపురాయి అయిన తాండూరు బండ గాని యాసిడ్‌కు కరిగి మెరుపు పోగొట్టుకుంటాయి, నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా మచ్చ పడుతుంది. పండుగ రోజున మెట్లకు పసుపు, కుంకుమ పెట్టే ఇంట్లో లేతరంగు మార్బుల్ మీద ఆ పసుపు మరక వదిలించడం కష్టం. మార్బులే కావాలనుకుంటే తెల్ల సిమెంటుతో పరిపించి, రాయిలోకి ఇంకే సీలర్ పూయించుకుని, యాసిడ్‌ను ఆ దరిదాపులకు రానివ్వకూడదు. తాండూరు బండ తక్కువ ఖర్చుతో చల్లగా, హుందాగా ఉంటుంది. పొరలు పొరలుగా విడిపోయే గుణం దానికి ఉంది కనుక అంచులు గుండ్రంగా తీసేటప్పుడు పెచ్చులూడని పలకలను ఏరుకోవాలి.

వంపు మెట్టు విసనకర్రలా ఒకవైపు సన్నగా ఉంటుంది, పలక మాత్రం దీర్ఘచతురస్రంగా వస్తుంది. అందువల్ల ముక్కలను తలకిందులుగా ఒకదాని పక్కన ఒకటి అమర్చి కోస్తే పై ఉదాహరణలోని కొలతలకు దాదాపు నాలుగో వంతు రాయి ఆదా అవుతుంది. కానీ అలా కోసినప్పుడు గీతలు, చారలు ఉన్న మార్బుల్‌లో ఒక మెట్టు చార ఒకవైపు, తర్వాతి మెట్టు చార మరోవైపు తిరుగుతాయి. చుక్కల గ్రానైట్‌లో ఆ తేడా తెలియదు. చారల రాయి ఇష్టపడేవారు వృథా అయ్యే రాయిని కూడా లెక్కలో వేసుకుని కొనాలి, ఒకే బ్లాకు నుంచి తీసిన పలకలనే అడగాలి.

పాలిష్ విషయంలో తొందరపడవద్దు. అద్దంలా మెరిసే నల్ల గ్రానైట్ మీద మెట్టు అంచు ఎక్కడ ముగిసిందో దిగేవారికి స్పష్టంగా కనిపించదు, తడి కాలితో అది జారుతుంది కూడా. ఇంటి లోపలి మెట్లకు లెదర్ ఫినిష్ (తోలులా కాస్త గరుకైనది) లేదా మ్యాట్ ఫినిష్ (మెరుపు లేనిది) మంచిది. మెరుపే కావాలంటే అంచుకు ఒక అంగుళం వెనకగా రెండు మూడు సన్నని గాడులు కొట్టించి, అంచుకు వేరే రంగు పట్టీ వేయించండి. మంట పెట్టి గరుకు చేసే ఫ్లేమ్డ్ ఫినిష్ బయటి మెట్లకే సరి, ఇంట్లో చెప్పులు లేకుండా తిరిగే పాదాలకు అది గుచ్చుకుంటుంది. అంచు ముందుకు ఒక అంగుళానికి మించి పొడుచుకు రాకూడదు, పలక కింద మాలు నిండుగా ఉండాలి. డొల్లగా ఉన్న చోట బరువైన బీరువా దించేటప్పుడు అంచు విరుగుతుంది.

కలప వేయాలనుకుంటే

టేకు మెట్లు పాదానికి హాయిగా ఉంటాయి, కానీ మన ఊళ్లో ఏప్రిల్, మే నెలల పొడి వేడికి కలప కుంచించుకుని, వానాకాలపు తేమకు ఉబ్బుతుంది. బాగా ఆరిన కలపను కొని, కొన్ని వారాలు ఇంట్లోనే నిలవ ఉంచి, ఆ తర్వాతే కోయించాలి. మెట్టు అడుగు భాగానికి కూడా పైభాగంతో సమానంగా పాలిష్ పట్టించకపోతే ఒకవైపే తేమ పీల్చుకుని పలక వంగిపోతుంది. చెదల మందు కాంక్రీటు దశలోనే కొట్టించాలి.

పక్కలు, అడుగు భాగం

ఇక్కడ రాయి పనికిరాదు. వంపు తిరిగిన పక్క గోడకు గ్రానైట్ వంగదు, సన్నని ముక్కలుగా కోసి అతికిస్తే అతుకులే కనిపిస్తాయి. లప్పం పెట్టి, కడగడానికి వీలైన ఎమల్షన్ రంగు వేయించడం సులువైన మార్గం. కలప రూపం కోరుకునేవారు వంగే ప్లైవుడ్ మీద వెనీర్ (పలుచని కలప పొర) అతికించుకోవచ్చు. అడుగు భాగం కూడా మెలి తిరిగి ఉంటుంది, కింద కూర్చున్నవారికి ఎప్పుడూ కనిపించేది అదే కాబట్టి సెంట్రింగ్ పలకలు సన్నగా ఉండేలా చూసుకోవాలి.

రెయిలింగ్

ఖర్చు ఎక్కువ అయ్యేది, పనితనం బయటపడేది ఇక్కడే. వంపు మెట్ల వెంట వెళ్లే రెయిలింగ్ ఒకేసారి పక్కకూ పైకీ తిరుగుతుంది. గాజు పెట్టాలంటే ప్రతి ముక్కకూ కొలత తీసి, కోసి, రంధ్రాలు చేసి, వంచి, ఆ తర్వాతే టఫెన్ (వేడిచేసి, వెంటనే చల్లార్చి గట్టిపరచడం) చేయాలి. టఫెన్ చేసిన గాజును మళ్లీ కోయడం కుదరదు, ఒక ముక్క పగిలితే మొదటి నుంచీ చేయించవలసిందే. అందువల్ల సాధారణ కుటుంబానికి నిలువు ఇనుప కడ్డీలు, పైన టేకు చేపట్టు ఉన్న రెయిలింగ్‌నే నేను సూచిస్తాను. సన్నని టేకు పట్టీలను పొరలుగా జిగురుతో అంటించి వంపులో బిగించి చేసిన చేపట్టు, దుంగను చెక్కి చేసినదానికంటే బలంగా ఉంటుంది. కడ్డీల మధ్య 4 అంగుళాలకు మించి సందు ఉంటే పసిపిల్లల తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. స్టెయిన్‌లెస్ స్టీలు ఎంచుకుంటే 304 గ్రేడు అని బిల్లు మీద రాయించుకోండి. చౌకైన 202 గ్రేడు త్వరగా తుప్పు మచ్చలు పడుతుంది, అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెంటి తేడా తెలియదు.

అచ్చు తీసి, తర్వాతే కోయించండి

కాంక్రీటు ఎంత జాగ్రత్తగా పోసినా గీసిన కొలతకు అచ్చంగా రాదు. అందుకని ప్రతి మెట్టుకూ పలుచని ప్లైవుడ్‌తోనో అట్టతోనో నిండు కొలత అచ్చు తీసి, కింది నుంచి వరుస సంఖ్య వేసి, ఏది లోపలి వైపో గుర్తు పెట్టి రాయి కోసేవారికి ఇవ్వాలి. కోసి వచ్చిన ముక్కలను మాలు లేకుండా ఒకసారి మెట్ల మీద పరిచి చూసుకున్నాకే అతికించాలి. రెయిలింగ్ కడ్డీల రంధ్రాలు అంచుకు మరీ దగ్గరగా పడితే రాయి చీలుతుంది, వాటి చోటును ఫ్యాబ్రికేటర్ (రెయిలింగ్ తయారుచేసే పనివాడు), రాతి మేస్త్రి కలిసి నిర్ణయించేలా ఒకే రోజు ఇద్దరినీ పిలవండి. పరచడం అయ్యాక పెయింటింగ్ పూర్తయ్యేవరకు మెట్లను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనో మందపాటి షీటుతోనో కప్పి ఉంచాలి. మిగిలిన పలకలో రెండు పెద్ద ముక్కలను, అచ్చులన్నింటినీ అటక మీద దాచుకుంటే, ఏళ్ల తర్వాత ఒక మెట్టు పగిలినా అదే రాయితో, అదే కొలతకు కొత్తది కోయించుకోవచ్చు.