కలుపు మందుకు తోడు కలిపే పదార్థాలు: ఎంపిక, కొలత, కలిపే వరుస

తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టే, ఊద వంటి గడ్డిజాతి కలుపు ఆకు మీద కూడా ఉత్త నీటి చుక్క గుండ్రటి పూసలా కూర్చుని, ఆకు కాస్త ఊగగానే నేలకు జారిపోతుంది. మంచి మందును సరైన మోతాదులో కొట్టినా కలుపు చావకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. పిచికారీకి ముందు కలుపు మొక్క ఆకును ఒకటి తెంపి, ఒక పక్క ఉత్త నీటి చుక్కను, మరో పక్క సర్ఫక్టెంట్ (నీటి చుక్క ఆకు మీద పరుచుకునేలా చేసే పదార్థం) కలిపిన నీటి చుక్కను వేసి చూడండి. రెండవ చుక్క పలుచగా పరుచుకుని ఆకును తడుపుతుంది. నీటి తలతన్యత, అంటే చుక్కను గుండ్రంగా పట్టి ఉంచే బిగువు, మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు ఉంటుంది. మామూలు సర్ఫక్టెంట్లు దానిని 30 దగ్గరకు, సిలికాన్‌తో తయారైన ఆర్గానోసిలికాన్ రకాలు ఇంకా కిందికి దించుతాయి.

ఇలా మందు పనితీరును పెంచడానికి కలిపే పదార్థాలన్నింటినీ అడ్జువెంట్లు అంటారు. ఇవి వాటంతట అవి కలుపును చంపవు. మందుకు ఎదురయ్యే అడ్డును తొలగిస్తాయి. కాబట్టి అలవాటు కొద్దీ ఏదో ఒకటి కలపడం కాక, అడ్డు ఎక్కడ ఉందో ముందు తేల్చుకోవాలి. చుక్క ఆకు మీద నిలవకపోతే నాన్ అయానిక్ (విద్యుదావేశం లేని) సర్ఫక్టెంట్ చాలు. చుక్క నిలిచినా, ఆకుపై ఉన్న మైనపు పొరను దాటి మందు లోపలికి వెళ్లలేకపోతే నూనె కావాలి. క్లెథోడిమ్, క్విజాలోఫాప్ వంటి గడ్డి మందులకు క్రాప్ ఆయిల్‌ను (నీటిలో కలిసేలా తయారు చేసిన నూనె), టోప్రమెజోన్ అనే కలుపు మందుకు మిథైలేటెడ్ సీడ్ ఆయిల్‌ను (రసాయనికంగా మార్చిన గింజల నూనె) సూచించడానికి కారణం ఇదే. బెట్టకు గురైన కలుపులో ఆ పొర మందమవుతుంది కనుక అప్పుడు నూనె అవసరం మరింత పెరుగుతుంది. కలుపు మొలవకముందు నేల మీద కొట్టే మందులకు మాత్రం వీటి అవసరం దాదాపుగా ఉండదు.

మూడవ అడ్డు నీటిలోనే ఉంటుంది, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం గ్లైఫోసేట్ అనే కలుపు మందును పట్టుకుని, ఆకు సులభంగా పీల్చుకోలేని లవణాలుగా మార్చేస్తాయి. అమ్మోనియం సల్ఫేట్‌ను ముందే కరిగిస్తే సల్ఫేట్ ఆ కాల్షియంతో జత కడుతుంది, అమ్మోనియం రూపంలోని గ్లైఫోసేట్ ఆకులోకి తేలికగా వెళుతుంది. లీటరు నీటికి 10 నుంచి 20 గ్రాములు సాధారణ మోతాదు. అయితే బురద నీటిని ఏ పదార్థమూ బాగు చేయలేదు. గ్లైఫోసేట్, పారాక్వాట్ అనే మరో కలుపు మందు రెండూ మట్టి రేణువులకు గట్టిగా అంటుకుని పనికిరాకుండా పోతాయి, కనుక తేటనీరే వాడాలి. సబ్బు నీళ్లు కలిపితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే: సబ్బు కఠిన జలంలో తెట్టు కట్టి నాజిల్‌ను మూసేస్తుంది.

కొలత విషయంలో ఒక మాట గుర్తుంచుకోవాలి. మందును విస్తీర్ణాన్ని బట్టి కొలుస్తాం, కానీ సర్ఫక్టెంట్‌ను, నూనెను ఎక్కువగా నీటి పరిమాణాన్ని బట్టి కొలుస్తాం. సర్ఫక్టెంట్ 0.25 శాతం అంటే లీటరుకు 2.5 మిల్లీలీటర్లు, 15 లీటర్ల ట్యాంకుకు సుమారు 38 మిల్లీలీటర్లు. క్రాప్ ఆయిల్ 1 శాతమైతే అదే ట్యాంకుకు 150 మిల్లీలీటర్లు. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా కొలత గ్లాసు వాడండి. సర్ఫక్టెంట్ ఎక్కువైతే ద్రావణం ఆకు అంచు నుంచి కారిపోయి మేలుకు బదులు నష్టమే జరుగుతుంది. కొన్ని గ్లైఫోసేట్ మందులలో సర్ఫక్టెంట్ ముందే కలిసి ఉంటుంది. అందుకే లేబుల్ చదవనిదే ఏదీ కలపకూడదు. కొన్ని డైకాంబా మందులతో అమ్మోనియం సల్ఫేట్ కలపడాన్ని లేబులే నిషేధిస్తుంది, ఎందుకంటే ఆ కలయికలో మందు ఆవిరై పక్క పొలాలకు పాకే ప్రమాదం పెరుగుతుంది.

కలిపేటప్పుడు ట్యాంకును సగం వరకు నీటితో నింపి, ముందు అమ్మోనియం సల్ఫేట్‌ను పూర్తిగా కరిగించాలి. తరువాత పొడి, గుళికల రూపంలోని మందులు, ఆపైన చిక్కటి ద్రవ మందులు, చివరగా నూనె లేదా సర్ఫక్టెంట్ వేసి, ప్రతిసారీ బాగా కలిపి, మిగిలిన నీరు పోయాలి. సర్ఫక్టెంట్‌ను ముందే పోస్తే నురగ పొంగుతుంది, పొడి ఉండలు కడుతుంది. కొత్త కలయికైతే ఒక గాజు సీసాలో అదే నిష్పత్తిలో, అదే వరుసలో కలిపి అరగంట కదపకుండా ఉంచండి. పెరుగులా విరిగినా, తిరిగి కలిపినా కలవని పొర ఏర్పడినా, సీసా వేడెక్కినా ఆ కలయికను ట్యాంకులో పోయవద్దు.

పంట నిలిచి ఉన్న చేనులో మరింత జాగ్రత్త అవసరం. కలుపు ఆకులోకి మందును తోసే నూనె పంట ఆకులోకి కూడా తోస్తుంది, ముఖ్యంగా ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు ఆకులు మాడే ప్రమాదం ఎక్కువ. అందువల్ల తొలిసారి వాడేటప్పుడు రెండు మూడు సాళ్ల మీద మాత్రమే పిచికారీ చేసి, వారం పాటు పంట ఆకుల మీద మచ్చలను, అంచుల మాడును గమనించి, పంట నిలకడగా ఉందని తేలాకే మిగతా చేనుకు కొట్టండి.