పేపర్ కటింగ్ మధ్యలో గోధుమరంగు చారా? ముందు కవరు తిప్పి చూడండి

పాత కటింగ్ పట్టుకొచ్చి "పాడైపోతోందండీ" అనేవాళ్లని నేను అడిగేది ఒక్కటే: ఇన్నాళ్లూ దీన్ని దేంట్లో పెట్టారు? ఆ కవరు మాత్రం ఎవరూ తీసుకురారు.

మొత్తం పచ్చబడితే: న్యూస్‌ప్రింట్ చెక్కగుజ్జు కాగితం. అందులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుతురుకీ గాలికీ రంగు మారుతుంది. చీకట్లో పెట్టండి, అంతే. నన్నడిగితే ఆ టీ రంగే దానికి అందం. సీసం అక్షరాలతో అచ్చయినదైతే వెనకవైపు వేలితో మెల్లగా తడమండి, అక్షరాలు గరుగ్గా తగులుతాయి. లామినేషన్ చేయిస్తే అదీ పోతుంది.

మడత దగ్గర విరుగుతుంటే: ఆమ్లం వల్ల పెళుసెక్కింది. మళ్లీ మడవకండి.

మధ్యలో నిలువు చార ఉంటే: ఇక్కడే నేను దెబ్బతిన్నాను. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వి-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన వార్తని కావలిలో మా నాన్న కత్తిరించి దాచారు. బీరువాలో, మడత లేకుండా ఉంది. అయినా ఫొటో మీదుగా వేలెడు వెడల్పున చార. గోడ చెమ్మ అనుకుని బీరువా జరిపాను, అర మార్చాను. రెండేళ్లకి ఇంకా ముదిరింది. ఒకరోజు కటింగ్‌ని తిరిగి ఖాకీ కవర్లోకి తోస్తుంటే చార సరిగ్గా కవరు వెనక అతుకు మీదకొచ్చింది! అక్కడ రెండు పొరల కాగితం, మధ్యలో జిగురు. తుపాన్ల నెలల్లో మన సముద్రపు గాలికి జిగురు చెమ్మ పీల్చుకుంటుంది. ఆ చెమ్మతో కవరులోని ఆమ్లం కటింగ్‌లోకి దిగుతుంది.

మీదీ అలాగే పెట్టి చూడండి, చారా అతుకూ కలిస్తే దొంగ దొరికినట్టే. పడ్డ చార పోదు. స్కాన్ చేసుకుని, యాసిడ్ ఫ్రీ (ఆమ్లం లేని) కాగితం మడతలో ఒక్కో కటింగ్ విడిగా పెట్టండి. రెండు కలిపితే ఒకదాని మరక ఇంకోదానికి ఎక్కుతుంది.

గుండుసూది తుప్పు, పురుగులైతే చూడగానే తెలిసిపోతాయి. సెల్లోటేపు ఉంటే పీకకండి.

పాత కవరు పారేసే ముందు దాని మీద రాత చూడండి. చాలా కటింగుల్లో తేదీ కత్తెరకే పోయి ఉంటుంది. మా నాన్న కవరు మీదే రాశారు. దాన్ని కొత్త మడత మీద పెన్సిల్‌తో ఎక్కించి, కవరు వేరే అరలో పెట్టాను.