కాలువలు కట్టేయక ముందే ఇంటి కుళాయిల మరమ్మతు

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతల వేళకు గోదావరి మీది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలువలను కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది సాధారణంగా జూన్‌లోనే కాబట్టి, అంతవరకు మంచినీటి చెరువులో నింపి ఉంచిన నీళ్లే ఊరికి ఆధారం. సముద్రానికి దగ్గరగా ఉన్న రాజోలు, నరసాపురం వైపు గ్రామాల్లో బోరు వేసినా చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. అందువల్ల ఇంటి గొట్టాలు, కుళాయిల మరమ్మతు ఏదైనా ఉంటే మార్చిలోనే ముగించుకోవడం మంచిది.

ముందుగా నీళ్లు ఎక్కడ పోతున్నాయో తెలుసుకోవాలి. రాత్రి అందరూ పడుకునే ముందు మేడమీది ట్యాంకులో నీటిమట్టాన్ని కర్రతో కొలిచి, ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే వాల్వును కట్టేసి, తెల్లవారాక మళ్లీ కొలవండి. మట్టం తగ్గితే లోపం ట్యాంకులోనో, అడుగున గొట్టం బిగించిన చోటనో ఉన్నట్టు. తగ్గకపోతే మరునాటి రాత్రి వాల్వు తెరిచి ఉంచి, ఒక్క కుళాయి కూడా తిప్పకుండా అదే పరీక్ష చేయండి. ఈసారి తగ్గితే లోపం ఇంటి లోపలే ఉంది. అప్పుడు మొదట అనుమానించవలసింది ఫ్లష్ ట్యాంకునే, ఎందుకంటే అది చప్పుడు లేకుండా కారుతుంది. అందులో బట్టలకు పెట్టే నీలం నాలుగు చుక్కలు వేసి అరగంట ఆగండి. ఎవరూ ఫ్లష్ చేయకుండానే కమోడులోకి నీలిరంగు దిగితే ట్యాంకు అడుగు వాషరు పాడైనట్టే.

చుక్కచుక్కగా కారే కుళాయిని చాలామంది పట్టించుకోరు. దాని కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి చూడండి. గంటకు ఒక గ్లాసు నిండితే రోజుకు 4.8 లీటర్లు, నెలకు 144 లీటర్లు, అంటే 20 లీటర్ల నీళ్ల టిన్నులు ఏడు నిండి ఇంకా మిగులుతాయి.

ఏ పని మొదలుపెట్టాలన్నా నీళ్లు కట్టే వాల్వు మాట వినాలి. మా ఇంట్లో ఒకసారి వంటింటి కుళాయి చేతిలోకి ఊడి వచ్చింది. మేడమీదికి పరుగెత్తితే, పన్నెండేళ్లుగా ఎవరూ తిప్పని గేటు వాల్వు ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. వెయ్యి లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేదాకా గొట్టంలో గుడ్డలు కుక్కుతూ కూర్చున్నాం. అప్పటినుంచి ప్రతి సంక్రాంతికి, దసరాకు ఇంట్లోని వాల్వులన్నీ ఒకసారి మూసి తెరుస్తున్నాను. గేటు వాల్వును పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలితే బిగుసుకుపోదు.

పాత రకం తిప్పుడు కుళాయికి వాషరు మార్చడం ఇంట్లోవారు చేసుకోగల పనే. వాల్వు కట్టేసి, కుళాయి తిప్పి గొట్టంలో మిగిలిన నీళ్లు దింపేయండి. మర ఒక్కటి జారిపడినా తూములోకి పోతుంది కనుక కింద గుడ్డ పరవండి. పిడి తీసేశాక కనిపించే పెద్ద నట్టును స్పానరుతో ఎడమవైపుకు తిప్పితే లోపలి కాడ బయటికి వస్తుంది, దాని కొసన చిన్న ఇత్తడి ముక్కకు వాషరు ఉంటుంది. పాత వాషరు మీద గుండ్రంగా గాడి పడి ఉంటే లోపం అదే. అయితే కొత్తది వేయకముందే కుళాయి లోపల వాషరు ఆనే గట్టును చూపుడువేలితో తడిమి చూడాలి. అది గరుకుగానో గుంటలు పడో తగిలితే, ఎన్ని వాషర్లు మార్చినా వారానికే మళ్లీ కారుతుంది, కుళాయినే మార్చాలి. ఉప్పునీరు వాడే ఇళ్లలో ఇది తరచుగా ఎదురవుతుంది. కుళాయి మార్చేటప్పుడు టెఫ్లాన్ టేపును మరచుట్ల మీద కుళాయి బిగించే దిశలోనే చుట్టాలి, ఎదురు చుట్టితే బిగిస్తుండగానే ఊడిపోతుంది. పావు చుట్టుతో తెరుచుకునే కొత్త రకం కుళాయిలకు వాషరు ఉండదు, లోపలి కార్ట్రిడ్జినే మార్చాలి. అన్నీ ఒక్క కొలతవి కావు కనుక పాతదాన్ని వెంట తీసుకుని దుకాణానికి వెళ్లండి.

షవరు రంధ్రాల్లో తెల్లగా పేరుకున్న ఉప్పుకు యాసిడ్ అక్కర్లేదు. వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో తోమితే సరిపోతుంది. యాసిడ్ షవరు మెరుపు పూతను తినేస్తుంది.

పీవీసీ గొట్టం పగిలితే పైన ఎం-సీల్ పూసి వదిలేయడం నాలుగు రోజుల ముచ్చటే. పగిలిన ముక్కను కోసి తీసి, కొసలను గరుకు కాగితంతో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, సొల్యూషన్ రాసి, కప్లింగులోకి కాస్త తిప్పుతూ చివరిదాకా నెట్టి అరనిమిషం పట్టుకోండి. తడి ఉంటే అతుకు నిలవదు, రాత్రంతా ఆరేదాకా వాల్వు తెరవవద్దు. వేడినీటికి వాడే సీపీవీసీ గొట్టానికి దాని సొల్యూషన్ వేరు. గీజరు నుంచి వచ్చే వేడినీటికి మామూలు పీవీసీ పనికిరాదు, 60 డిగ్రీలు దాటితే అది మెత్తబడుతుంది.

మోటారు తిరుగుతున్నా నీళ్లు ఎక్కకపోతే వెంటనే ఆపేయండి, నీళ్లు లేకుండా తిరిగితే సీలు కాలిపోతుంది. చాలాసార్లు సంపు అడుగున, నీళ్లు పీల్చే గొట్టం కొసన ఉండే ఫుట్ వాల్వులో చెత్త ఇరుక్కుని ఉంటుంది. మెయిన్ స్విచ్ కట్టేశాకే దాని జోలికి వెళ్లాలి.

సెప్టిక్ ట్యాంకు సంగతి కూడా వేసవిలోనే చూసుకోవాలి. మన నేలలో వానాకాలం నీరు దాదాపు పైకే ఉంటుంది కాబట్టి, అప్పుడు ట్యాంకు నుంచి వచ్చిన నీళ్లు భూమిలోకి ఇంకవు, మరుగుదొడ్డి వెనక్కి పొంగుతుంది. ఎంత అనుభవం ఉన్న మనిషినైనా ట్యాంకులోకి దిగనివ్వకండి, లోపలి విషవాయువు నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. యంత్రంతోనే తీయించాలి.

వర్షాలు పడ్డాక గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు, కుళాయి నీళ్లలోనూ కాస్త ఒండ్రు కనిపిస్తుంది. ఆ వారం మేడమీది ట్యాంకును అడుగు తూము తీసి కడిగి, వంటింటి కుళాయి మూతికి ఉన్న జల్లెడను విప్పి పక్కన పెట్టండి. నీళ్లు తేటబడ్డాక జల్లెడ కడిగి మళ్లీ బిగించుకోవచ్చు.