హెపటైటిస్ సి మందులు వాడే రోజుల్లో కళ్ళను కనిపెట్టుకోవడం ఎలా

మా ఆడపడుచు కొడుకు పోయిన నెల పొద్దున్నే ఫోన్ చేశాడు. "అత్తా, మందులు మొదలుపెట్టి ఇది మూడో వారం. మంచం మీంచి లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. ఫోన్లో అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి. ఆపేయనా?" అన్నాడు. ఆపొద్దన్నాను. తర్వాత అరగంట మాట్లాడాను. ఆ అరగంటలో వాడికి చెప్పినవీ, చెప్పడం మరిచినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. బెజవాడలో ముప్ఫై ఏళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను. కళ్ళే నాకు కూడు పెడుతున్నాయి. 1994లో కాన్పు కష్టమై రెండు సీసాల రక్తం ఎక్కించారు. కాలేయాన్ని దెబ్బతీసే ఈ హెపటైటిస్ సి వైరస్ ఉందేమోనని దాతల రక్తానికి పరీక్ష చేసి తీరాలన్న నియమం అప్పటికింకా రాలేదు. వైరస్ అప్పుడే వచ్చి ఉంటుందన్నారు. నాకు తెలిసింది మాత్రం 2010లో. రెండుసార్లు వైద్యం చేయించుకున్నాను. 2011లో వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్, రోజూ రిబావిరిన్ మాత్రలు, 48 వారాలు. ఒక్కో ఇంజక్షన్ ఖరీదు నా నెల జీతం కన్నా ఎక్కువ. అన్ని వారాలూ పూర్తి చేశాక వైరస్ మళ్ళీ తిరగబెట్టింది. 2016లో సోఫోస్‌బువిర్, లెడిపాస్‌విర్ కలిసిన మాత్ర రోజుకొకటి, 12 వారాలు. దాంతో పోయింది. ఈ రెండు వైద్యాలూ కళ్ళ విషయంలో ఎంత వేరో నాకు ఒంటి మీద తెలుసు.

కాబట్టి మొదట చేయాల్సిన పని, మీకు రాసిచ్చిన మందుల పేర్లు చీటీ చూసి చదువుకోవడం. సోఫోస్‌బువిర్‌తో పాటు డక్లాటాస్‌విర్ గానీ వెల్పాటాస్‌విర్ గానీ ఉంటే కళ్ళకు పెద్ద ముప్పు లేదు. తలనొప్పి, నీరసం వస్తాయి, వాటితో కళ్ళు బరువుగా ఉంటాయి. వాటికి రిబావిరిన్ కూడా తోడైతే రక్తం సంగతి చూసుకోవాలి. ఇంటర్‌ఫెరాన్ ఉంటే రెటీనా, అంటే కంటి లోపలి పొర సంగతి చూసుకోవాలి. హెపటైటిస్ సికి మన దగ్గర ఇప్పుడు ఇంటర్‌ఫెరాన్ దాదాపుగా వాడటం లేదు. హెపటైటిస్ బి, డి ఉన్నవాళ్ళకూ, కొన్ని రక్తపు జబ్బులకూ ఇంకా ఇస్తున్నారు. ఆ ఇళ్ళవాళ్ళకు పనికొస్తుందని నా సంగతి చెబుతాను.

అర్థానికీ అర్ధానికీ మధ్య ఉన్న చుక్క

పదో వారం. డిగ్రీ పిల్లల పాఠ్యపుస్తకం దిద్దుతున్నాను. అర్థం అంటే భావం, డబ్బు. అర్ధం అంటే సగం. ప్రూఫులు దిద్దేవాళ్ళు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నేర్చుకునే తేడా ఇది. కాగితం మీద ఆ తేడా అంతా రకారం కింది ఒత్తు కడుపులో ఉండే ఒక్క చుక్క. ఆ రోజు "అర్థశాస్త్రం" అని ఉండాల్సిన చోట "అర్ధశాస్త్రం" అని ఉంటే చూసి కూడా వదిలేశాను. ఒకచోట కాదు, పదకొండు చోట్ల. పక్క సీటాయన చూపిస్తే నమ్మలేకపోయాను. కాగితం దగ్గరకు తెచ్చుకున్నాను. ఎడమ కన్ను మూసి చూస్తే, కుడి కంటికి అక్షరం మధ్యలో బూడిదరంగు మరక అడ్డం వచ్చింది. చుక్క అందులో మునిగిపోయింది. కుడి కన్ను మూసి చూస్తే చుక్క ఉన్నచోటే ఉంది.

ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో తెలీదు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ ఒక కన్ను చేసే తప్పును రెండోది దిద్దేస్తూ ఉంటుంది. మనకు తెలియనివ్వదు.

కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసి కంటి డాక్టరు చూశారు. రెటీనా మీద దూదిపింజల్లాంటి తెల్లమచ్చలు రెండు, పక్కన చిన్న రక్తపు చార. వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాలు మూసుకుపోతే అక్కడి నరాల పోగులు ఉబ్బి అలా తెల్లగా కనబడతాయట. ఇంటర్‌ఫెరాన్ వాడేవాళ్ళలో ఇవి ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే పడతాయి. షుగర్, బీపీ ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ. నాకు షుగర్ ఉంది. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, మందు ఆపాక, ఒక్కోసారి మందు వాడుతుండగానే, వాటంతటవే మాయమవుతాయి. నావి ఆరో నెలకు పోయాయి. ఇంజక్షన్ ఆపలేదు. రెండు వారాలకోసారి కళ్ళు చూసి, చూపు ఏమాత్రం తగ్గినా ఆపేద్దామని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని నిర్ణయించారు. ఆ నిర్ణయం నాది కాదు, మీది కూడా కాకూడదు.

నా బాధల్లా ఒకటే. ఇంటర్‌ఫెరాన్ మొదలుపెట్టే ముందే ఒకసారి రెటీనా చూపించాలని నాకు ఇంజక్షన్ రాసిన ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. షుగర్ ఉందని తెలిసి కూడా చెప్పలేదు. అప్పుడు చూసి ఉంటే ఏ మచ్చ పాతదో ఏది కొత్తదో తేలిగ్గా తెలిసేది. మీకు ఇంటర్‌ఫెరాన్ రాస్తే మొదటి ఇంజక్షన్‌కు ముందే అడిగి చూపించుకోండి. మాత్రలే అయినా, షుగర్ ఉండి ఏడాదిగా రెటీనా చూపించుకోకపోతే ఇదే సందు అనుకుని చూపించుకోండి.

పొద్దుటి పరీక్ష

ఆ రోజు నుంచి రోజూ పొద్దున పళ్ళు తోముకోగానే రెండు నిమిషాలు ఇది చేసేదాన్ని. ఇప్పుడు మా వాడి చేత చేయిస్తున్నాను.

ఒక పోస్టుకార్డు తీసుకోండి. కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి. కార్డు అడ్డం పెట్టి ఒక కంటిని పూర్తిగా మూయండి. వేళ్ళతో నొక్కి మూయకండి, తీశాక కాసేపు ఆ కన్నే మసగ్గా ఉంటుంది. రెండో కంటితో పేపర్లో చిన్న అక్షరాల వార్త ఒక వాక్యం చదవండి. ద, ధ, థ వేరువేరుగా తెలుస్తున్నాయా? ద కింద గీత ఉంటే ధ. కింద గీతా, కడుపులో చుక్కా రెండూ ఉంటే థ. ఈ మూడూ విడివిడిగా కనబడితే దగ్గరి చూపు నిన్నటిలాగే ఉన్నట్టు. తర్వాత కిటికీ ఊచల వంక చూడండి. ఏ ఊచైనా మధ్యలో వంగినట్టో తెగినట్టో ఉందా? చివరగా ఒక ఎర్రటి సీసా మూత చూడండి. ఇప్పుడు కార్డు రెండో కంటికి మార్చి మళ్ళీ ఇదంతా. ఎరుపు ఒక కంటికి ఎర్రగా, ఇంకో కంటికి వెలిసిపోయినట్టు కనబడితే కంటి నరం సంగతి చూపించుకోవాలి.

ఫలితం క్యాలెండర్ మీద రాయండి. బాగుంటే కు, ఎ అని రెండక్షరాలు. బాగోకపోతే ఏ కన్ను, ఎన్ని గంటలకు, ఎంతసేపు.

మసక వస్తే మూడు పనులు చేసి చూడండి. నాలుగైదుసార్లు గట్టిగా రెప్పలు కొట్టండి. మసక విడిపోతే అది చాలావరకు కంటి పైపొర పొడిబారడం వల్ల. విడిపోకపోతే కార్డుకు గుండుసూదితో చిన్న బెజ్జం పెట్టి అందులోంచి చూడండి. అక్షరం తేటపడితే పవర్ మారింది, షుగర్ హెచ్చుతగ్గులకు ఇలా అవుతుంది. బెజ్జంలోంచి చూసినా మసకే అయితే ఇంట్లో తేలే సంగతి కాదు, డాక్టరు లోపల చూడాలి. మూడో పని, షుగర్ ఉన్నవాళ్ళు వేలు గుచ్చి చూసుకోవడం.

ఈ మూడో దాని గురించి కాస్త చెప్పాలి. 2016లో మాత్రలు మొదలైన నాలుగో వారం, మధ్యాహ్నం పన్నెండింటికి అక్షరాలు ఈదుతున్నట్టయ్యాయి. మళ్ళీ రెటీనాయే అనుకుని కాళ్ళు వణికాయి. వణుకు భయం వల్ల కాదు. షుగర్ 62 ఉంది. గ్లాసుడు పంచదార నీళ్ళు తాగితే పావుగంటలో తేరుకున్నాను. ఈ మాత్రలతో వైరస్ తగ్గేకొద్దీ కొందరికి షుగర్ కూడా తగ్గుతుంది. పాత డోసే వేసుకుంటూ పోతే మరీ పడిపోతుంది. నా షుగర్ మాత్ర సగానికి తగ్గించారు. ఆ గొడవ సద్దుమణిగేదాకా కొత్త కళ్ళజోడు చేయించకండి. నేను తొందరపడి చేయించిన జోడు రెండు నెలల్లో పనికిరాకుండా పోయింది.

మా వాడి సంగతి ఇంకోటి. వాడికి కాలేయం గట్టిపడి పొట్టలో నీరు చేరింది. అందుకని సోఫోస్‌బువిర్, వెల్పాటాస్‌విర్‌కు రిబావిరిన్ కలిపారు. రిబావిరిన్ ఎర్ర రక్తకణాలను విరిచేస్తుంది. అది మొదటి నెలలోనే బయటపడుతుంది. లేస్తే బైర్లు కమ్మడం, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ కలిసి వచ్చాయంటే కంటి చుక్కలు కొనడం దండగ, హిమోగ్లోబిన్ చూపించాలి. వాడికి 13 ఉన్నది 9కి దిగింది. డాక్టరు రిబావిరిన్ తగ్గించారు, సోఫోస్‌బువిర్ మాత్ర అలాగే ఉంచారు. పది రోజులకు అక్షరాలు నిలబడ్డాయి. వాడు ఆ రోజు తనంతట తను అన్నీ ఆపేసి ఉంటే వైరస్‌కు ఊపిరి పోసినట్టయ్యేది.

పొడిబారిన కళ్ళు

చూపు పోయేంత ప్రమాదం కాదు గానీ ఎక్కువమందిని ఎక్కువ రోజులు వేధించేది ఇదే. హెపటైటిస్ సి వైరస్సే కొందరికి నోటినీ కళ్ళనూ ఎండబెడుతుంది. రిబావిరిన్‌తో ఒంటి దురద వస్తే అలర్జీ మాత్ర వేస్తారు. ఆ మాత్ర ఇంకా ఎండబెడుతుంది. కళ్ళలో ఇసుక పడ్డట్టు, సాయంత్రానికి మంట. విచిత్రం ఏమిటంటే, పొడిబారిన కళ్ళే ధారగా కారతాయి. నీళ్ళు కారుతున్నాయి కదా, పొడి ఎక్కడిది అని నేను నెల రోజులు పట్టించుకోలేదు.

కార్బాక్సీమిథైల్‌సెల్యులోజ్ ఉన్న కన్నీటి చుక్కలు రాశారు. రోజుకు నాలుగుసార్ల కన్నా ఎక్కువ వేసుకోవాల్సి వస్తే నిల్వ మందు కలపని రకం కావాలని డాక్టర్ని అడగండి. వేసుకోవడం ఇలా: చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కిందికి లాగితే చిన్న జేబులా అవుతుంది. అందులో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకు తగలకూడదు. కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్క మూలను వేలితో ఒక నిమిషం అదిమి పట్టండి, చుక్క గొంతులోకి జారిపోకుండా ఉంటుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగండి. సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి. మామూలు సీసా నెల దాటితే పారేయండి.

ఫ్యాను గాలి మొహానికి కొట్టకుండా కుర్చీ జరపండి. చదివేటప్పుడు మనం రెప్పలు కొట్టడం మరిచిపోతాం. నేను ప్రతి పేజీ చివర కళ్ళు మూసుకుని పది లెక్కపెట్టేదాన్ని. రాత్రి గోరువెచ్చటి నీళ్ళలో పిండిన శుభ్రమైన గుడ్డ మూసిన రెప్పల మీద అయిదు నిమిషాలు. బెజవాడ ఎండలో బయటికి వెళ్తే చలువద్దాలు, గొడుగు.

మూసిన కళ్ళ మీద నందివర్ధనం పూలు పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, హాని లేదు, నేనూ పెట్టుకున్నాను. పొన్నగంటి కూర పప్పులో వేసుకుని తినండి, మంచి కూర. కంటి లోపల మాత్రం ఏదీ పోయొద్దు. ఆముదం వద్దు, తేనె వద్దు, చనుబాలు వద్దు. కామెర్లనగానే కళ్ళలో పసరు పోయించే అలవాటు మనవైపు ఇంకా ఉంది. చేతులు జోడించి చెబుతున్నాను, పోయించుకోకండి. నల్లగుడ్డు మీద పుండు పడితే మానినా తెల్లమచ్చ మిగిలిపోతుంది. కాలేయానికంటూ తాగించే పసరూ వద్దు, మీ మాత్రలతో అది ఏం చేస్తుందో పోసేవాడికీ తెలీదు. మందుల షాపులో ఎరుపు తగ్గడానికని ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. డాక్టరు చెప్పకుండా వారాల తరబడి వేస్తే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది, శుక్లం వస్తుంది.

తెల్లగుడ్డు పచ్చబడితే అది కంటి జబ్బు కాదు. కాలేయం డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేయాలి.

రేపటికి ఆగకూడనివి

ఒక కంటి చూపు ఉన్నట్టుండి తగ్గడం. చూపుకు ఒక పక్కనుంచి తెర దిగినట్టుండటం. కళ్ళు మూసినా మెరుపులు, ఒక్కసారిగా నల్లటి నలకల గుంపు. ఊచలు వంకరగా కనబడటం. ఒకటి రెండుగా కనబడటం. కన్ను ఎర్రబడి నొప్పితో పాటు మసక. వీటిలో ఏదొచ్చినా అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళండి. ఊళ్ళో రెటీనా చూసేవాళ్ళు లేకపోతే జిల్లా కేంద్రానికి బస్సెక్కండి. వీటితో పాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా కంటి డాక్టరు దగ్గరకు కాదు, నేరుగా పెద్దాసుపత్రికి.

వెళ్ళేటప్పుడు చీటీ మీద మందుల పేర్లు, ఎన్నో వారం, చివరి హిమోగ్లోబిన్, షుగర్ రాసుకుని వెళ్ళండి. క్యాలెండర్ కాగితం కూడా పట్టుకెళ్ళండి. కంటి డాక్టరుకు కాలేయం మందులు, కాలేయం డాక్టరుకు కంటి చుక్కలు చెప్పాలి. తోడుగా ఎవరినైనా తీసుకెళ్ళండి. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేశాక నాలుగైదు గంటలు దగ్గరి అక్షరం కనబడదు, ఎండ గుచ్చుతుంది, బండి నడపకూడదు. ఆ రోజు సంతకాల పని పెట్టుకోకండి.

డబ్బు గురించి ఒక మాట. 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. అందులో హెపటైటిస్ సి పరీక్ష, మాత్రలు ఉచితం. మా వాడు ప్రభుత్వాసుపత్రి నుంచే తెచ్చుకుంటున్నాడు. మాత్రలు అయిపోయిన 12 వారాలకు వైరస్ ఉందో లేదో మళ్ళీ చూస్తారు. నేను ఆ రక్తపరీక్షకు వెళ్ళిన వారంలోనే రెటీనా కూడా చూపించుకున్నాను. మచ్చల జాడ లేదు. పొడి మాత్రం పూర్తిగా పోలేదు. ఇప్పటికీ బల్ల మీద ఎర్రసిరా పెన్ను పక్కన ఆ చుక్కల సీసా ఉంటుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ప్రూఫుల కట్ట విప్పే ముందు ఒకసారి వేసుకుంటాను.