మారుమూల దీవికి స్కూబా డైవింగ్ యాత్ర ఎలా వేసుకోవాలి?

మామూలు ప్రయాణమైతే బయలుదేరే రోజు నుంచి లెక్క వేసుకుంటాం. డైవింగ్ యాత్రకు మాత్రం తిరుగు విమానం నుంచి వెనక్కి లెక్క వేయాలి. మొదట చేయాల్సిన పని ఇదే.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. ఆ ఒత్తిడికి, మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి ఉండిపోతుంది. పైకి వచ్చాక కొన్ని గంటలపాటు నెమ్మదిగా బయటికి పోతుంది. ఈలోపే విమానం ఎక్కితే, లోపల పీడనం తక్కువ కాబట్టి, సోడా సీసా మూత తీసినట్టు రక్తంలో బుడగలు లేవవచ్చు. కీళ్ల నొప్పి నుంచి కాళ్లు చచ్చుబడిపోవడం దాకా ఏదైనా జరగవచ్చు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ సూచన ప్రకారం ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుసగా కొన్ని రోజులు డైవ్ చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నా మాట వింటే పూర్తిగా ఒక రోజు వదిలేయండి. దీవి నుంచి బయటికి తెచ్చే చిన్న విమానానికీ ఈ నియమం వర్తిస్తుంది.

ఇక దీవి ఎంపిక. ఫొటోలు చూసి కాకుండా, మీ దగ్గరున్న సర్టిఫికెట్ చూసి ఎంచుకోండి. మొదటిదైన ఓపెన్ వాటర్ స్థాయికి 18 మీటర్లు, తర్వాతిదైన అడ్వాన్స్‌డ్ స్థాయికి 30 మీటర్ల లోతు హద్దు. కోస్టారికా తీరానికి సుమారు 550 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోకోస్ దీవిలో సుత్తితల సొరచేపల గుంపులు తిరుగుతాయి. అక్కడికి పడవలో ఒకటిన్నర రోజు పడుతుంది, ప్రవాహాలు బలంగా ఉంటాయి. పది డైవ్‌ల అనుభవంతో వెళ్లే చోటు కాదది.

డబ్బు కట్టేముందు నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి: పడవలో ఆక్సిజన్ ఉందా? రక్తంలో బుడగలు లేచినవారికి వైద్యం చేసే పీడన చికిత్స గది ఎంత దూరంలో ఉంది? తడుముకోకుండా జవాబు చెప్పలేని వాళ్లతో నీళ్లలోకి దిగవద్దు. సాధారణ ప్రయాణ బీమా చాలాసార్లు డైవింగ్‌ను మినహాయిస్తుంది. ఆ చికిత్సకూ, అక్కడికి తరలించడానికీ డబ్బిచ్చే బీమా తీసుకోండి.

నిర్వాహకులు అడిగే ఆరోగ్య పత్రం ముందే తెప్పించుకుని నింపండి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్యల వంటి వాటికి ‘అవును’ అని రాయాల్సి వస్తే డాక్టరు సంతకం అడుగుతారు. దీవిలో దిగాక డాక్టరు కోసం వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

నీళ్లలోకి దిగి ఏడాది దాటిందా? వెళ్లేముందే ఈతకొలనులో ఒకసారి సాధన చేయండి. ముఖ్యంగా మాస్కులోకి నీళ్లు రానిచ్చి, పై అంచును నుదుటికి అదిమి, తల కొద్దిగా పైకెత్తి, ముక్కుతో నిదానంగా గాలి వదలండి. నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. గుండె దడ లేకుండా ఇది వచ్చేదాకా చేయండి.

సామానులో సిలిండరు, బరువులు అక్కర్లేదు, అక్కడే ఇస్తారు. మాస్కు, లోతునూ సమయాన్నీ లెక్కగట్టే డైవ్ కంప్యూటర్ మాత్రం సొంతవి ఉండాలి. కొత్త మాస్కు అద్దం లోపలి వైపు తెల్ల టూత్‌పేస్టుతో వేలితో బాగా రుద్ది కడగండి. తయారీలో అంటిన పొర పోకపోతే నీటిలో అద్దం మసకబారుతూనే ఉంటుంది. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ మీది తీసుకెళ్తే అక్కడి సిలిండర్లకు సరిపోతుందో కనుక్కోండి. గాలి కారకుండా ఆపే కొన్ని ఓ-రింగులు (రబ్బరు చుట్టలు), ఒక మాస్కు పట్టీ, ఒక మౌత్‌పీస్ చిన్న డబ్బాలో వేసుకోండి. ఉంగరమంత రబ్బరు చుట్ట చిట్లితే ఆ రోజు డైవ్ పోయినట్టే, కొనడానికి అక్కడ దుకాణం ఉండదు. విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి. సన్‌స్క్రీన్ కొనేముందు అక్కడి చట్టం చూడండి. పగడాలకు హాని చేసే రసాయనాలున్న వాటిని పలావ్ దేశం 2020 జనవరి నుంచి నిషేధించింది.

దీవి చేరాక మొదటి డైవ్ తేలికైన చోటే చేయండి. దిగుతున్నప్పుడు చెవులు నొప్పి పుట్టకముందే ముక్కు మూసి మెల్లగా ఊదుతూ సర్దుకోండి. జలుబు చేస్తే ఆ రోజు ఒడ్డునే ఉండండి, మందు వేసుకుని దిగవద్దు. నీటి అడుగున ఎప్పుడూ ఊపిరి బిగపట్టవద్దు. పైకి వచ్చేటప్పుడు 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగండి. ప్రవాహం పడవకు దూరంగా లాగేస్తే మిమ్మల్ని చూపించేది గాలి నింపే రంగు గొట్టమే. దాన్ని, ఒక ఈలను జేబులో పెట్టుకోకుండా దిగవద్దు.

విమానానికి ముందు వదిలిన ఆ ఒక్క రోజూ సామానుకు సరిగ్గా సరిపోతుంది. అన్నిటినీ మంచినీటిలో నానబెట్టి కడగండి. బీసీడీలోకి (నీటిలో తేలడాన్ని అదుపు చేసే గాలి జాకెట్) కొద్దిగా మంచినీళ్లు పోసి, ఊపి, తలకిందులు చేసి ఒంపేయండి. రెగ్యులేటర్ మూత బిగించాకే నీళ్లలో ముంచండి. నీడలో ఆరబెడితే సాయంత్రానికి పెట్టె సర్దుకోవచ్చు.