అమెరికాలో మగబిడ్డ పుట్టబోతుంటే: సున్తీ విషయంలో ముందుగానే ఎలా నిర్ణయించుకోవాలి

ప్రసవమైన మరునాటి ఉదయం, తల్లి ఇంకా సరిగా తేరుకోకముందే, అమెరికా ఆసుపత్రిలో నర్సు ఒక కాగితం పట్టుకుని వచ్చి, బాబుకు సున్తీ చేయించుకుంటారా అని టీకా గురించి అడిగినంత మామూలుగా అడుగుతుంది. విజయవాడలోనో వరంగల్లులోనో ముస్లిమేతర కుటుంబంలో పెరిగిన దంపతుల్లో చాలామందికి ఆ ప్రశ్న ఎదురవడం జీవితంలో అదే మొదటిసారి. కాన్పు సాయానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ పక్కనే కూర్చుని ఉంటుంది, విషయం అర్థం కాగానే "మనకెందుకమ్మా అది" అంటుంది, తండ్రి ఫోను తీసి వెతకడం మొదలుపెడతాడు. అడిగింది ఆసుపత్రివాళ్లే కాబట్టి తప్పనిసరి కాబోలు అనుకుని ఆ తొందరలో సంతకం పెట్టేసేవారు ఉంటారు. ఇది తప్పనిసరి కాదు, అత్యవసరం అసలే కాదు. ఆ దేశంలో ఐదో నెల స్కానింగులోనే ఆడో మగో చెప్పేస్తారు కాబట్టి, అక్కడి నుంచి ప్రసవం దాకా దొరికే నాలుగు నెలల్లో భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకుని, తేల్చుకున్న మాటను ప్రసూతి డాక్టరుకూ, బిడ్డను చూడబోయే పిల్లల డాక్టరుకూ ముందే చెప్పి ఉంచడం ఉత్తమం.

మతంతో సంబంధం లేకుండా అమెరికన్లు ఇది చేయించడం మనవాళ్లకు వింతగా తోస్తుంది. అక్కడ ఇది పంతొమ్మిదో శతాబ్దం చివరిలో వైద్యుల ద్వారా మొదలై, ఆసుపత్రి ప్రసవాలతో పాటు పెరిగి, క్రమంగా అలవాటుగా స్థిరపడింది. ఆసుపత్రుల్లో పుట్టిన మగపిల్లల్లో ఇంటికి వెళ్లేలోపు సున్తీ అయినవారు 1979లో నూటికి 64.5 మంది ఉండగా, 2010 నాటికి 58.3కు తగ్గారు. మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో ఇది ఇప్పటికీ బాగా ఎక్కువ, పశ్చిమ తీరంలో బాగా తక్కువ. అంటే "ఇక్కడ అందరూ చేయిస్తారు" అన్న మాట ఒహాయోలో వినిపించినంత గట్టిగా కాలిఫోర్నియాలో వినిపించదు.

వైద్య సంఘాల మాట విందామంటే అవీ ఒక్కతాటిపై లేవు. సున్తీ వల్ల కలిగే ఆరోగ్య ప్రయోజనాలు దాని ప్రమాదాల కంటే ఎక్కువేనని, అయితే పుట్టిన ప్రతి మగబిడ్డకూ చేయించమని సిఫారసు చేసేంత గొప్పవి మాత్రం కావని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో చెప్పి, నిర్ణయాన్ని తల్లిదండ్రులకే వదిలింది. కెనడా పిల్లల వైద్యుల సంఘం 2015లో అందరికీ మామూలుగా చేయడాన్ని సిఫారసు చేయబోమని తేల్చింది. నెదర్లాండ్స్ వైద్య సంఘం 2010లో ఇంకో అడుగు ముందుకు వేసి, వైద్య కారణం లేకుండా పిల్లలకు చేయించవద్దని తల్లిదండ్రులకు నచ్చజెప్పాలంది. దాదాపు ఒకే రకమైన ఆధారాలను చూసి మూడు దేశాలవారు మూడు విధాలుగా మాట్లాడారంటే, లాభనష్టాలు రెండూ చిన్నవేనని, త్రాసు ఎటు మొగ్గాలన్నది చాలావరకు ఆయా సమాజాల అలవాటును బట్టి ఉంటుందని నేను అర్థం చేసుకున్నాను.

ఆ చిన్న లాభాలు ఏమిటో చూద్దాం. మొదటి ఏడాదిలో మూత్రనాళ ఇన్ఫెక్షన్ సున్తీ కాని మగపిల్లల్లో సుమారు నూటికి ఒకరికి వస్తుంది, అయినవారిలో వెయ్యికి ఒకరిద్దరికి వస్తుంది. ఈ లెక్కన ఒక్క ఇన్ఫెక్షన్ ఆపడానికి వంద మందికి పైగా సున్తీ చేయాలి, వచ్చిన ఇన్ఫెక్షనేమో సాధారణంగా యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది. అయితే స్కానింగులో బిడ్డ మూత్రపిండాలు వాచి కనిపించినా, మూత్రం వెనక్కి ప్రవహించే లోపం ఉన్నా ఈ లెక్క మారుతుంది. అలాంటి బిడ్డ విషయంలో పిల్లల యూరాలజిస్టు చేయించమంటే ఆ మాటకు బరువు ఇవ్వాలి. ఇక హెచ్‌ఐవీ సంగతి: దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాలలో జరిగిన మూడు పెద్ద పరీక్షల్లో, సున్తీ చేయించుకున్న పురుషులకు స్త్రీల నుంచి హెచ్‌ఐవీ సోకే అవకాశం నూటికి 50 నుంచి 60 వంతులు తగ్గింది. వాటి ఆధారంగానే ఆ వ్యాధి విస్తృతంగా ఉన్న దేశాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో దీన్ని సిఫారసు చేసింది. కానీ ఆ పరీక్షల్లో పాల్గొన్నవారు పెద్దవాళ్లు, తమంతట తాము ఒప్పుకుని చేయించుకున్నవారు. పుట్టిన బిడ్డకు ఆ ప్రయోజనం అక్కరకు రావడానికి ఇంకా పదిహేను, ఇరవై ఏళ్లుంది, అప్పటికి నిర్ణయం తనే తీసుకోగలడు. పురుషాంగ క్యాన్సర్ తగ్గుతుందన్నదీ నిజమే కాని, అది అమెరికాలో ఏటా లక్షమంది పురుషుల్లో ఒక్కరికి వచ్చేంత అరుదైనది.

నష్టాల వైపు చూస్తే, అనుభవమున్న డాక్టరు నవజాత శిశువుకు చేసినప్పుడు చిక్కులు నూటికి అర కంటే తక్కువగానే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం కొద్దిపాటి రక్తస్రావం, ఇన్ఫెక్షన్. చర్మం మరీ ఎక్కువగానో తక్కువగానో తీయడం, మిగిలిన చర్మం అంటుకుపోవడం, తరువాతి ఏళ్లలో మూత్రరంధ్రం సన్నబడడం వంటివి కొద్దిమందిలో కనిపిస్తాయి. పెద్దయ్యాక చేస్తే చిక్కులు ఎక్కువ, కొన్ని నెలల వయసు దాటితే సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. చేయించడమే నిశ్చయమైతే మొదటి రోజుల్లో చేయించమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. "తరువాత చూద్దాం" అనుకునేవారు ఈ తేడా తెలుసుకునే ఆ మాట అనుకోవాలి.

చేయించే ముందు ఇంట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, దాన్ని మనవాళ్లలో చాలామంది మరిచిపోతారు. రక్తం గడ్డకట్టకుండా చేసే హీమోఫిలియా తల్లి వైపు నుంచి కొడుకులకు వస్తుంది. కాబట్టి బిడ్డ మేనమామల్లోగాని, అమ్మమ్మ అన్నదమ్ముల్లోగాని, పిన్ని, పెద్దమ్మల కొడుకుల్లోగాని చిన్న దెబ్బకే రక్తం ఆగనివారు, పన్ను పీకించుకున్నాక రోజుల తరబడి రక్తం కారినవారు ఉన్నారా అని అమ్మమ్మను కూర్చోబెట్టి అడగాలి. మన ఇళ్లలో "వాడికి చిన్నప్పటి నుంచీ అంతే" అని తీసిపారేసే సంగతిలో అసలు విషయం దాగి ఉండవచ్చు. ఉందంటే పరీక్ష అయ్యేదాకా కత్తి మాటే ఎత్తకూడదు. వంశంలో ఎవరికీ లేకపోయినా కొత్తగా రావచ్చు, అందుకే రక్తం సరిగా గడ్డకట్టడానికి పుట్టిన వెంటనే ఇచ్చే విటమిన్-కె ఇంజెక్షన్ వేయించినా, మడమ దగ్గర రక్తం తీసినచోట ఎక్కువసేపు కారితే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. ఆ ఇంజెక్షన్ వద్దన్న తల్లిదండ్రులు సున్తీ కూడా వద్దనుకోవడమే మంచిది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, ఒంట్లో బాగోలేని బిడ్డకు వాయిదా వేస్తారు. మూత్రరంధ్రం కొన దగ్గర కాకుండా కిందివైపు ఉన్న బిడ్డకు మాత్రం ఆసుపత్రిలో అప్పటికప్పుడు అసలు చేయకూడదు, ఎందుకంటే ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషనుకు ముందుచర్మమే పనికొస్తుంది.

ఇవన్నీ దాటి "చేయిద్దాం" అనుకున్నవారు డాక్టరును అడగాల్సిన మాటలు తక్కువే, కాని మొహమాటపడకుండా అడగాలి. చేసేది ప్రసూతి డాక్టరా, పిల్లల డాక్టరా, ఇంతకుముందు ఎన్ని చేశారు, ఏ పద్ధతిలో చేస్తారు, నొప్పి తెలియకుండా ఏం చేస్తారు? చివరి ప్రశ్నకు జవాబు "చక్కెర నీళ్లు నాకిస్తాం" అని మాత్రమే వస్తే సరిపోదు. అంగం మొదట్లో మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం నమ్మదగిన పద్ధతి, పూత మందు, చక్కెర నీళ్లు దానికి తోడు మాత్రమే. ఖర్చు సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ కొన్ని రాష్ట్రాల్లో దీనికి డబ్బు చెల్లించదు, కాలిఫోర్నియా 1982లోనే ఆపేసింది. ప్రైవేటు ఇన్సూరెన్సుల్లోనూ పాలసీకొక తీరు ఉంటుంది.

తెలుగు ముస్లిం కుటుంబాలకు చేయించాలా వద్దా అన్న ప్రశ్న ఉండదు, ఎప్పుడు, ఎవరి చేత అన్నదే ఉంటుంది. మన ఊళ్లలో ఒడుగులని, సున్తీ అని, ఖత్నా అని పిలిచే ఈ ఆచారాన్ని పిల్లవాడికి కొన్నేళ్లు వచ్చాక బంధువులను పిలిచి వేడుకగా చేసే ఇళ్లు చాలానే ఉన్నాయి. యూదుల్లో ఎనిమిదో రోజు అని నియమం ఉన్నట్టు ఇస్లాంలో ఫలానా రోజే జరగాలన్న కట్టడి లేదు కాబట్టి, అమెరికాలో ఉన్నవారు ఆసుపత్రిలోనే చేయించి, విందును ఇండియా వెళ్లినప్పుడు పెట్టుకోవచ్చు. ఊళ్లోనే చేయించదలిస్తే, పాత పద్ధతిలో ఇంటికి వచ్చి చేసేవారిని కాకుండా పిల్లల సర్జన్‌ను ఆశ్రయించాలి.

మిగిలినవారి ఇళ్లలో వాదన ఎక్కువగా ఆరోగ్యం చుట్టూ తిరగదు. నాన్నలాగే ఉండాలని ఒకరు, బడిలో తోటిపిల్లలు నవ్వుతారేమోనని ఇంకొకరు, ఊరికి తీసుకెళితే ఎవరేమంటారోనని తాతయ్య. తోటిపిల్లల సంగతికి అంత భయం అక్కర్లేదు, సున్తీ కానివారు ఇప్పుడు అక్కడ తక్కువేమీ కాదు. ఊరివాళ్ల మాటకు ఇంత చోటివ్వడం నాకు నచ్చదు. నా అభిప్రాయం ఏమిటంటే, మతపరమైన కారణం గాని, వైద్య కారణం గాని లేని తెలుగు దంపతులకు ఈ పని చేయించాల్సిన అవసరం కనబడదు. అయినా చేయించినవారు తప్పు చేశారనీ అనలేం. భార్యాభర్తల్లో ఒకరికి ఇష్టం లేకపోతే మాత్రం ఆగడమే మేలు, చేయనిదాన్ని ఎప్పుడైనా చేయించవచ్చు గాని చేసినదాన్ని వెనక్కి తేలేం.

చేయించాక సంరక్షణ వారం పది రోజుల పని. డైపరు మార్చినప్పుడల్లా గాయానికి వాజలైన్ దట్టంగా రాస్తే అంటుకోదు. రెండు మూడు రోజులకు పసుపుపచ్చని పొర కడుతుంది, అది చీము కాదు, తుడిచేయకూడదు. ప్లాస్టిక్ రింగు వేసి ఉంటే అది సాధారణంగా ఐదు నుంచి ఎనిమిది రోజుల్లో తానే రాలిపోతుంది, లాగకూడదు. గాయం మీద పసుపు, కొబ్బరినూనె, ఏ ఇతర ఇంటి మందూ వద్దు. డైపరులో పాతిక సెంట్ల నాణెం కంటే పెద్ద రక్తపు మచ్చ కనిపించినా, ఎనిమిది గంటలైనా మూత్రం రాకపోయినా, జ్వరం 100.4 ఫారెన్‌హీట్‌కు చేరినా వెంటనే ఫోను చేయాలి.

చేయించనివారి సంరక్షణ ఇంకా తేలిక, కాని తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. నూనె మర్దన చేసి కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసే అమ్మమ్మలు, నాయనమ్మలు, స్నానం చేయించే ఆయాలు, ముందుచర్మాన్ని రోజూ కొంచెం కొంచెం వెనక్కి లాగి నూనె పూయాలని, లేకపోతే పెద్దయ్యాక బిగిసిపోతుందని గట్టిగా నమ్ముతారు. ప్రేమతో చేసే పనే అయినా అది హానికరం. పుట్టినప్పుడు ఆ చర్మం లోపలి భాగానికి సహజంగా అంటుకునే ఉంటుంది. డగ్లస్ గైర్డ్నర్ అనే బ్రిటిష్ వైద్యుడు 1949లోనే నూరుగురు శిశువులను చూసి, నలుగురికి మాత్రమే అది పూర్తిగా వెనక్కి వచ్చిందని రాశాడు. ఏళ్లు గడిచేకొద్దీ అది తానే విడివడుతుంది, కొందరికి మూడేళ్లకు, కొందరికి పదేళ్లు దాటాక. బలవంతంగా లాగితే సన్నని చీలికలు పడి, మానేటప్పుడు మచ్చకట్టి, ఏ బిగుతు గురించి భయపడ్డారో అదే వస్తుంది. అమెరికాలో సున్తీ అయిన పిల్లలనే ఎక్కువగా చూసిన నర్సులు, డేకేర్ సిబ్బందిలోనూ కొందరికి ఈ సంగతి తెలియదు కాబట్టి, పరీక్షించేటప్పుడు చర్మం లాగవద్దని వారికీ ముందే చెప్పాలి. బయట నీళ్లతో కడిగితే చాలు.

మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బినా, చర్మం కింద తెల్లని ముత్యాల్లాంటి ఉండలు కనిపించినా, నొప్పి, ఎరుపు, జ్వరం లేనంతకాలం కంగారు అక్కర్లేదు. ఆ ఉండలు రాలిన పాత చర్మకణాలే. బడికి వెళ్లే వయసులో నిజంగానే బిగుతుగా ఉండి ఇబ్బంది పెడితే, స్టెరాయిడ్ పూత మందును నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాయిస్తే చాలామందికి సరిపోతుంది, ఆపరేషను దాకా వెళ్లనక్కర్లేదు. చర్మం వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రాకుండా అంగాన్ని బిగించేస్తే మాత్రం అది అత్యవసరం, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముందుచర్మం తానే సులువుగా వెనక్కి వచ్చే వయసు వచ్చినప్పుడు, స్నానంలో తనే వెనక్కి తీసి కడుక్కుని, మరిచిపోకుండా మళ్లీ ముందుకు లాగమని తండ్రి కొడుకుకు ఒకసారి చూపిస్తే సరిపోతుంది.